గోడలో కంత

మా అత్తకు మోకాళ్ళు పట్టేసి రెండు పంటకోతలయింది. మా ఊళ్ళో మోకాళ్ళు పోతే మనిషి పోయినట్టే లెక్క. ఇళ్ళన్నీ గోడకు గోడ ఆనించి కట్టినవి, నడకంతా కప్పుల మీదే. ఇంట్లోంచి బయటపడాలంటే నిచ్చెనెక్కి కప్పులో ఉన్న బెజ్జంలోంచి రావాలి. అందుకని అర్వానా అత్త రెండు కోతల నుంచీ లోపలే ఉండిపోయింది. ఉంటే ఉంది, ఓ మూల కూచుంటే బాగుండేది. కూచునేది కాదు. కర్ర టకటకలాడించుకుంటూ పొయ్యి దగ్గర్నుంచి గాదెల దాకా, గాదెల దగ్గర్నుంచి నిచ్చెన దాకా, అక్కడ ఆగి పైకి చూసి, మళ్ళీ పొయ్యి దాకా. నేను నూరుడు రాయి ముందు కూచుని బార్లీ నూరుకుంటుంటే నా వెనకాల పొద్దస్తమానం ఆ టకటక. నాకు ఒళ్ళు మండిపోయేది.

కాసేపు కూలబడమని ఎన్నిసార్లు కసురుకున్నానో. నువ్వు కూచుని పుట్టావు, నేను నడుస్తూ పుట్టాను అనేది. అదీ నిజమే. ఆవిడ నడిచేవాళ్ళ పిల్ల. వాళ్ళకు ఇళ్ళంటూ లేవు. జింకల వెనకా, వాటంతటవే పండే గింజల వెనకా గుట్టలమ్మట తిరిగేవాళ్ళు. ఓ కరువు కాలంలో మా మామగారి గాదె చూసి, ఈ పిల్లైనా కడుపు నిండా తింటుందని ఆవిణ్ణి ఇక్కడ ఇచ్చి, మళ్ళీ పంటలనాటికి వస్తామని చెప్పి వెళ్ళారట. కొన్నాళ్ళు వచ్చారట కూడా. తర్వాత రాలేదు.

మా గింజలంటే ఆవిడకు మహా చులకన. వాళ్ళ గుట్ట మీద గోధుమ పండగానే రాలిపోయేదట, బుట్ట పట్టుకుని పరుగెత్తాలట. "మీ గింజలు చూడవే, ఎండి గలగలమంటున్నా కంకిని కరుచుకునే ఉంటాయి. కొడవలి వచ్చి మెడ కోసేదాకా కాచుక్కూచుంటాయి. వాటిని తినీ తినీ మీరూ అట్లాగే తయారయ్యారు" అనేది. అంటూనే నేను కాచిన బార్లీ అంబలి ఇంకో గిన్నెడు పోయించుకునేది.

ఆవిడ కోరిక ఒక్కటే, ఆ గుట్ట. ఊరికి తూర్పుగా, కప్పు మీదికెక్కితే నీలంగా కనపడుతుంది. చావు అక్కడే రావాలని పట్టుబట్టింది. అదే కుదరదు. మా దగ్గర ఇంటి పెద్ద పోతే కాళ్ళు పొట్టలోకి ముడిచి, బుట్టలో పెట్టి, పడుకునే అరుగు కింద పూడుస్తాం. పైన తెల్లమట్టి పూసి, ఆ అరుగు మీదే మళ్ళీ పడుకుంటాం. ఇల్లు పాతబడ్డాక దాన్ని మట్టితో నింపేసి, ఆ పైనే కొత్తది కట్టుకుంటాం. కింద మనిషి లేని ఇంటి మీద మాత్రం ఊరు కట్టనివ్వదు. కింద ఎవరూ లేకపోతే ఆ చోటు నీదని ఎవరు చెబుతారు? బయట పోయినవాళ్ళని లోపలికి తెచ్చే ఆచారమూ లేదు.

మా ఇల్లు ఊరి అంచున మామగారు కొత్తగా కట్టుకున్నది. ఆయనేమో గొర్రెల కోసం వెళ్ళి వరదలో కొట్టుకుపోయాడు. ఇంటి కింద ఇంకా ఎవరూ లేరు. గోడలు బొజ్జలు వేశాయి, నడిమి దూలం పగిలింది, ఇంకో చలికాలం ఆగదని అందరికీ తెలుసు. పక్కింటి ఎట్టరు మా చోటు మీద అప్పుడే కన్నేశాడు, గొర్రెల దొడ్డికి బాగుంటుందని. మా ఇంటికి మిగిలిందల్లా అర్వానా అత్తే. ఆవిడ గుట్ట మీద పోతే నేనూ, మా ఆయన హప్రూ, పిల్లలూ ఎవరి కప్పు కిందో ఓ మూల సర్దుకుని బతకాలి.

హప్రు చెడ్డవాడు కాడు. అమ్మను కసిరి ఎరగడు. కోతలయ్యాక ఎత్తుకెళ్తానమ్మా అనేవాడు. కోతలయితే నూర్పిళ్ళు. నూర్పిళ్ళయితే గింజ గాదెల్లోకి చేర్చాలి. అది అయ్యేసరికి మళ్ళీ విత్తాలి, విత్తాక కలుపు తియ్యాలి, పిట్టల్ని తోలాలి. మా పనికి అవడం అనేది లేదు. అది ఆయనకు బాగా కలిసొచ్చింది. ఆ మాట ఒకసారి మొహం మీదే అన్నాను. ఆయన తల దించుకుని కొడవలికి నల్లరాతి పలుకులు అతికించుకుంటూ కూచున్నాడు. ఆవిడ వెళ్ళిపోతే మనం ఏం కావాలో నువ్వే చెప్పమన్నాడు. నేను వెళ్ళి మళ్ళీ నూరుడు రాయి ముందు కూచున్నాను.

ఈ కోతల్లో పడమట మబ్బు పట్టింది. తడిస్తే పంటంతా మొలకెత్తి పోతుంది, అందుకని ఊరు ఊరంతా పడమటి పొలాల్లోనే ఉంది. పొద్దెక్కుతుండగా తిత్తుల్లో నీళ్ళు నింపుకుందామని ఇంటికొచ్చి, కప్పు బెజ్జంలోంచి లోపలికి తొంగిచూశాను. అత్త నిచ్చెన మధ్యలో ఉంది. పైకి రాలేదు, కిందికి దిగలేదు. రెండు చేతులతో మెట్టును వాటేసుకుని, నుదురు దానికి ఆనించి నిలబడింది. కాళ్ళు గజగజ వణుకుతున్నాయి. ఎంతసేపటి నుంచి అలా ఉందో. కర్ర కింద పడి ఉంది.

నేను పైనుంచి దిగే దారి లేదు, నిచ్చెన మీద ఆవిడుంది. కప్పు మీద బోర్లా పడుకుని చెయ్యి కిందికి చాచాను. అందలేదు.

"పిలవకపోయావా అత్తా?"

"ఎవర్ని పిలవనే? అందరూ మెడలు కొయ్యడానికి పోయారుగా."

"మెల్లిగా ఒక్కో కాలూ దించు. నేను చెబుతా."

"దించుతాను. దించాక మళ్ళీ ఆ పొయ్యి చుట్టూ తిరగాలి." తల ఎత్తకుండానే అంది. "తువ్వీ, నేను చచ్చిపోతానని కాదే నా బాధ. చచ్చాక కూడా ఇక్కడే ఉండాలని. నా మీద మీ చాపలు, నా మీద మీ కాపరం, నెత్తి మీద నీ నూరుడు రాయి. ఒక్కసారి బయటికి పోనీ నన్ను."

కాలు కాలూ చెప్పి దింపించాను. ఆవిడ కింద కూలబడ్డాక నేనూ దిగాను. నాకు ఏడుపొచ్చింది, ఏడుపుతో పాటు కోపమూ వచ్చింది. ఆవిడంటే నాకు ఇంత ఇష్టమని అప్పటిదాకా తెలియదు, తెలియకపోతేనే బాగుండేది. పాలు తాగని గొర్రెపిల్లలా ఎముకలు తేలి ఉంది గానీ, నిలువునా ఉన్న నిచ్చెన మీద మనిషిని మోసే బలం నాకెక్కడిది? హప్రు మోయగలడు, మోయడు. నేను మోద్దామంటే నావల్ల కాదు. మూలనున్న, మట్టి తవ్వే జింకకొమ్ము తీసుకుని బయటివైపు గోడ మీద ఒక్కటిచ్చాను.

మట్టి ఇటుక, పైగా బొజ్జ వేసిన గోడ, ఊరికే రాలింది. అవతల ఊరి చెత్త పోసే దిబ్బ, దాని అంచున కాలిబాట. వెలుగు లోపలికి అడ్డంగా పడింది. మా ఇంట్లోకి వెలుగు ఎప్పుడూ పైనుంచే వచ్చేది. అత్త కళ్ళకు చెయ్యి అడ్డం పెట్టుకుని చూస్తూ కూచుంది.

ఇంకో కొడవలి కోసం ఇంటికొచ్చినట్టున్నాడు, చప్పుడుకు ఎట్టరు కప్పు మీదికి పరుగెత్తుకొచ్చాడు. మా చోటు మీద అంత ప్రేమ మరి.

"ఏం తువ్వీ, గోడకు పక్క దారి పెడుతున్నావు, లోపల గొర్రెలు కడతావా ఏం?"

నేను నోరు తెరిచేలోపు లోపల్నుంచి అత్తే జవాబిచ్చింది. "కట్టేసిన ముసలి గొర్రె ఒకటి బయటికి పోతోంది నాయనా. కాస్త తప్పుకో, పొడుస్తుంది."

ఎట్టరు నవ్వలేదు. హప్రుకు చెప్పడానికి పొలాల వైపు దౌడు తీశాడు. మాకు ఎక్కువ వ్యవధి లేదని అర్థమైంది.

బాట చదునుగా ఉన్నంతసేపూ అత్త కర్ర పట్టుకుని తనే నడిచింది. ఇంట్లో తిరిగిన మనిషేనా అనిపించింది. మాటలు ఆగలేదు. ఇదిగో ఇక్కడ పిస్తా చెట్ల తోపు, అదిగో అక్కడ జింకలు నీళ్ళు తాగే మడుగు, మా నాయన ఆ బండ చాటున కూచునేవాడు. నేను చూస్తే తోపు లేదు, మడుగు లేదు, బండ లేదు. తోపు ఎప్పుడో మా దూలాలైపోయింది. కోసిన బార్లీ మోళ్ళు, ఇంకా కోయని గోధుమ, పప్పుల మడి, మళ్ళీ బార్లీ. ఆవిడ పొలం దాటగానే అడివి వస్తుందనుకుంటూ నడిచింది. పొలం దాటితే పొలం వచ్చింది. కాసేపటికి మాటలు తగ్గాయి. మోకాళ్ళు ఆగిపోయాక వీపున ఎక్కించుకున్నాను. నా భుజం మీదుగా మెడ చాచి ముందుకే చూస్తోంది.

గుట్ట మొదటికి చేరేసరికి పొద్దు నడినెత్తి దాటింది. ఊళ్ళోంచి నీలంగా కనపడే గుట్ట దగ్గరికి వస్తే పచ్చగా, పండి ఉంది. సగందాకా తవ్వి, రాళ్ళేరి కుప్పలు పోసి, వరసగా విత్తారు. ఒక కుర్రాయన వడిసెల పట్టుకుని పిట్టల్ని తోలుతున్నాడు. అవతలి ఊరివాడు. మర్యాదగానే మాట్లాడాడు.

"అవ్వా, చూసి నడవండి, తొక్కకండి. ఏ ఇంటివాళ్ళు మీరు?"

"నాకు ఇల్లు లేదు" అంది అత్త నా వీపు మీద నుంచి.

అతను నవ్వాడు. "ఇల్లు లేనివాళ్ళు ఎవరుంటారు అవ్వా?"

వేళాకోళానికి అన్న మాట కాదది. నిజంగానే అతనికి తెలియదు. అత్త తనను కిందికి దింపమంది. ఓ రాళ్ళకుప్ప మీద కూచోబెట్టాను. పైకెక్కి అవతల ఏముందో చూసి రమ్మంది. అవతలి వైపు లోయ ఉంటుందట, పండిన గింజ కాలికింద కరకరలాడుతుందట, వాళ్ళవాళ్ళు చలికాలం అక్కడే దిగేవాళ్ళట.

ఎక్కాను. ఎక్కుతున్నంతసేపూ దేవుళ్ళందరికీ మొక్కుకున్నాను, లోయ అలాగే ఉండాలని. ఆ వెంటనే ఉండకూడదనీ మొక్కుకున్నాను. ఉంటే ఆవిడ అక్కడే ఉండిపోతుంది, మా ఇల్లు పోతుంది, నా పిల్లలు ఎట్టరు గొర్రెల మధ్య పడుకుంటారు. నాకు నేనే నచ్చలేదు. పైకి చేరి చూశాను. లోయనిండా పొలాలు. మధ్యలో మా ఊరిలాంటి ఊరే, కప్పుల మీద మనుషులు, బెజ్జాల్లోంచి పొగ. ఆ వెనక ఇంకో పొగ కూడా కనపడింది.

దిగేటప్పుడు అబద్ధం చెబుదామనుకున్నాను. ఖాళీగా ఉంది అత్తా, జింకలు తిరుగుతున్నాయి అని చెప్పి, అక్కడే కూచోబెట్టి, ఆవిడ కళ్ళు మూసేదాకా చెయ్యి పట్టుకుంటే చాలు. ఆవిడ ఎక్కి చూడగలదా ఏం? దగ్గరికి వచ్చి ఆవిడ మొహం చూసేసరికి ఆ అబద్ధం చెప్పలేకపోయాను. నా మొహంలో ఆవిడ చూడాల్సింది చూసేసింది.

"పొలాలేనా?"

"పొలాలే అత్తా."

"పొగ ఉందా?"

"ఉంది."

చాలాసేపు గుట్ట వైపు చూస్తూ కూచుంది. ఏడుస్తుందేమో అనుకున్నాను, ఏడవలేదు. కుర్రాయన నీళ్ళు తెచ్చి ఇస్తే తాగింది, చల్లగా ఉండాలని దీవించింది. తర్వాత రెండు చేతులూ నా మెడ చుట్టూ వేసింది.

"పద. ఇంటికే పోదాం. మబ్బొస్తోంది, మీ పంట తడుస్తుంది" అంది.

తిరుగు దారిలో మెడ చాచి చూడలేదు, తల నా భుజం మీద వాల్చేసింది. వీపు మీద పొద్దున లేని బరువు ఉంది. నాకు అలుపొచ్చి అలా అనిపించిందేమో.

ఊరు చేరేసరికి మసక పడుతోంది, హప్రు కంత దగ్గర నిలబడి ఉన్నాడు. ఎటు పోయామో తెలిసి కూడా ఆపడానికి మా వెనక రాలేదు. పిల్లల్ని పైన పెట్టి, మట్టి కలుపుకుని, ఇటుకలు పేర్చుకుని సిద్ధంగా ఉన్నాడు. కళ్ళు ఎర్రగా ఉన్నాయి. తిడతాడనుకున్నాను. తల్లిని చూడగానే మట్టి చేతులతోనే ఆవిణ్ణి నా వీపు మీద నుంచి అందుకుని, కంతలోంచి లోపలికి తీసుకెళ్ళి అరుగు మీద పడుకోబెట్టాడు.

"కోపమొచ్చిందా అమ్మా నా మీద?" అని అడిగాడు. రెండు కోతల నుంచీ అడగాల్సిన మాట అది.

"నీ మీద ఎందుకురా? మూసెయ్ నాయనా, గాలి కొడుతోంది." కళ్ళు మూసుకుని, నాకు వినపడేలా అంది. "బయట అనేది ఎక్కడా లేదు తువ్వీ. ఎంత దూరం పోయినా లోపలే ఉంది."

హప్రు లోపలి వైపు మోకాళ్ళ మీద కూచుని ఇటుక మీద ఇటుక పేర్చాడు. చెయ్యి తిరిగిన మనిషి, చకచకా కట్టుకొచ్చాడు. గోడ నడుము దాకా వచ్చింది, భుజాల దాకా వచ్చింది. కర్ర చప్పుడు కోసం చూశాను. అత్త లేవలేదు, తిరగలేదు. అరుగు మీద తెల్లమట్టి పూత మీద చెయ్యి పరిచి పడుకుని ఉంది. ఇక మా ఇల్లు మాకు దక్కుతుంది. ఆ సంగతి నాకు తెలుసు, ఆయనకూ తెలుసు. ఇద్దరం ఒకరి మొహం ఒకరం చూసుకోలేకపోయాం.

నేనింకా బయటే, చెత్తదిబ్బ పక్కన నిలబడి ఉన్నాను. పిల్లలు కప్పు మీద నుంచి ఆకలని పిలుస్తున్నారు. చినుకు మొదలైంది. హప్రు ఇటుక చేత్తో పట్టుకుని ఆ మిగిలిన సందులోంచి నా వైపు చూశాడు.

"లోపలికి వస్తావా, రావా?"

వస్తాను, కాస్త ఆగమన్నాను. నాకు పోవడానికి ఎక్కడా చోటు లేదని ఆయనకు తెలుసు. అయినా ఆ ఇటుక పెట్టకుండా, నేను వానలో నిలబడినంతసేపూ ఆగాడు.