క్యారమ్ బోర్డు మీద మౌస్

అజ్మత్ భాయ్‌కి మొండితనం ఎక్కువ, నాకు కోపం ఎక్కువ. మాదన్నపేటల పక్కపక్క ఇండ్లు మావి. క్యారమ్‌ల మేమిద్దరం జోడీ అంటే గల్లీల ఇంకెవ్వరూ ఆటకు వచ్చెటోళ్లు కాదు.

తొంభై నాలుగు ఎండకాలంల ఆయనకు పక్షవాతం వచ్చి కుడి చెయ్యి పడిపోయింది. మాట, నడక బాగనే ఉన్నయి. డాక్టరు రబ్బరు బాల్ ఇచ్చి దినాం పిసుకమన్నడు. వేళ్లు కదిలియ్యకుంటే చెయ్యి గట్లనే బిగుసుకపోతదని భయపెట్టిండు గూడ. ఈయన ఇంటెనా? బాల్‌ను మంచం కిందికి ఇసిరేసిండు. క్యారమ్ బోర్డును గోడ దిక్కు తిప్పి పెట్టిచ్చిండు. "చిన్నపిల్లగాన్నా, బాల్‌తోటి ఆడనీకి?" అన్నడు.

ఆయన భార్య ఖైసర్ ఆపా చెప్పి చెప్పి అలసిపోయింది. "నువ్వన్న తిట్టు ఆండాలూ, నా మాట చెవులేసుకుంటలేడు," అన్నది. తిట్టుడు నాకు కష్టమా? మస్తు తిట్టిన. ఆయన మొకం టీవీ దిక్కు తిప్పుకున్నడు.

గా టీవీ కిందనే ఉన్నది, ఆయన తమ్ముడు ఎన్నడో దుబాయ్ నుంచి తెచ్చిన కంప్యూటర్. చూస్తే ఉత్త కీబోర్డు లెక్కనే ఉంటది, పక్కన ఫ్లాపీ ఏసే డ్రైవు డబ్బా. టీవీకి తగిలిస్తే నీలం తెర వస్తది, అక్షరాలు కొడితేనే పని చేస్తది. నేను మలక్‌పేటల టైపింగ్ నేర్పుత. మా ఇన్‌స్టిట్యూట్‌కు అప్పుడే మౌస్ ఉన్న కంప్యూటర్ వచ్చింది, పట్టుకున్నోళ్లు ఇడిచిపెడ్తలేరు. అది చూసి నాకు ఉపాయం తట్టింది. పాత సామాన్ల దుకాణాలన్ని తిరిగి, ఆయన మిషన్‌కు పడే మౌస్, బొమ్మల తెర వచ్చే ఫ్లాపీ సంపాదించిన. మౌస్ కడుపుల గూడ రబ్బరు బాలే ఉంటదని ఆయనకు చెప్పలే.

ఆయన కూసునే పరుపు మీద మౌస్ తిరగదు. గోడకున్న క్యారమ్ బోర్డు తెచ్చి, రెండు స్టూళ్ల మీద ఆయన ముంగట పెట్టిన. మొకం మాడ్చుకున్నడు గని వద్దనలే. ఫ్లాపీ ఏసి కమాండ్ కొట్టిన. డ్రైవు కటకటమని మొత్తుకుంటనే ఉన్నది, నేను చాయ్ తాగుడు గూడ అయిపోయింది. ఆఖరికి తెర మీద ఒక బాణం, వరుసగ చిన్న చిన్న బొమ్మలు, కింద మూలకు ఒక చెత్తబుట్ట వచ్చినయి.

ఆయన చెయ్యి ఎత్తి మౌస్ మీద పెట్టిన. గా చెయ్యి ఎంత బరువున్నదో. గల్లీని గడగడలాడించిన చెయ్యి అది.

భుజంతోటి జెర్ర తోసిండు. బాణం వణికింది. "జారుతలేదు. పౌడర్ ఎయ్," అన్నడు.

చెయ్యి పడిపోయినంక ఆయన నోరు తెరిచి ఏదన్న అడిగిందంటే గదే. సంబరంల తెలివి మర్సి క్యారమ్ పౌడర్ చల్లిన. బాణం ఏడిదాడ ఆగిపోయింది. మౌస్ బోర్ల తిప్పి మూత తీస్తే, బాల్ పిండి అంటుకోని తెల్లగ బయటికొచ్చింది.

"గిదేంది? దీంట్ల గూడ బాలేనా?" అన్నడు.

"మీ డాక్టర్‌ది కాదులే," అన్న. ఆపా దుపట్టా అడ్డం పెట్టుకోని నవ్వింది.

బాల్ కడిగి, బోర్డు తుడిచి, మళ్ల నేర్పిన. బొమ్మ మీద బాణం పెట్టి నొక్కితే బొమ్మ దానికి అతుక్కుంటది, కావాల్సిన కాడికి తీస్కపోయి మళ్ల నొక్కాలె. గంతే. ఆయనను ఆడుకోమని ఇడిచిపెట్టి, ఆపాకు కూరగాయలు కోసియ్యనీకి పోయిన.

తిరిగొచ్చి చూస్తే తెర ఖాళీ. మూలకు బుట్ట కనబడ్తే క్యారమ్ ఆడెటోడు ఇంకేం చేస్తడు? బొమ్మలన్ని ఒక్కొక్కటే తీస్కపోయి అండ్ల ఏసిండు. రాసే ప్రోగ్రామ్ పోయింది, బొమ్మలేసేది పోయింది.

"ఏం చేసినవ్ భాయ్? ఇంకో ఫ్లాపీ లేదు నా దగ్గర. ఊరంత తిరిగి తెచ్చిన," అన్న.

"బోర్డు సాఫ్," అన్నడు. నుదురంత చెమట.

ఇంకా లొల్లి చేద్దామని నోరు తెరిచిన. అప్పుడు కనబడ్డది ఆయన చూపుడువేలు. ఎడమ చెయ్యి ఆసరా లేకుండ, అదంతట అదే మౌస్‌ను నొక్కుతున్నది. టక్. ఆగి, మళ్ల టక్. నా కోపం ఏడ పోయిందో నాకే తెల్వదు.

"కాయలు పెట్టు," అన్నడు.

మౌస్ పక్కకు జరిపి, కాయలు పేర్చి, స్ట్రైకర్ ఆయన వేలికాడ పెట్టిన. కొట్టిండు. జానెడు పోయి, ఏ కాయకూ తగలకుండనే ఆగింది.

"ఇగ నువ్వాడు," అన్నడు.

నాకు కండ్లల్ల నీళ్లు నిండి బోర్డే కనబడ్తలేదు.

"ఏడ్చుడు తర్వాత, ముందు ఆడు. ఆడినంక మళ్ల నా వంతున్నది," అన్నడు.