లిస్టులో లేని పులస

నాటకం పేరు 'పులస పెళ్లి'. ఏడో తరగతి పిల్లలే కూర్చుని రాసుకున్నారు. సముద్రం నుంచి గోదావరిలోకి ఎదురీదుతూ వచ్చే పులసకి దారిలో పీత, కొంగ, పడవ, వల ఎదురై ఎవరికి వారు 'నన్ను చేసుకో' అంటారు. పులస ఒక్కరికీ తలొంచదు. అంతా కుదిరాక, నాటకం ఇంకా పది రోజులుందనగా పులస సైకిలు మీంచి పడి కాలు విరగ్గొట్టుకుంది.

పులస అంటే హేమశ్రీ. ఫరంపేటలో ఆటో నడిపే శివకుమార్ కూతురు. కాకినాడ ఆసుపత్రిలో ఆపరేషన్ చేసి, తొడ దాకా కట్టు కట్టి పడుకోబెట్టారు. వేషం ఇంకెవరికైనా ఇద్దామంటే పిల్లలు ససేమిరా అన్నారు. "పులస లేకుండా పులస పెళ్లేంటి టీచర్?" అని నిలదీశారు. అవతల హేమశ్రీ కూడా ఊరుకోలేదు. మంచం మీదే మాటలన్నీ బట్టీ పట్టింది. వాళ్లమ్మ చేత వెండి కాగితంతో పొలుసులు కుట్టించుకుంది. ఇక మిగిలిందల్లా కాకినాడలోని ఆ మంచాన్నీ ఫరంపేట బడి హాలునీ కలపడం.

ఫోనుతో చేసి చూశారు. రేకుల హాల్లో సిగ్నల్ నిలవలేదు. పులస ఒక మాట మొదలెడితే సగం మునిగి సగం తేలింది. బడికి కేబుల్ నెట్ ఉంది. హాల్లో కంప్యూటరూ, గోడ మీద బొమ్మ వేసే ప్రొజెక్టరూ ఉన్నాయి. కానీ ఆ నెట్ మీద వీడియో కాల్ వెళ్లదు. మధ్యలో ఫైర్‌వాల్ ఉంది.

ఫైర్‌వాల్ అంటే పెద్ద యంత్రమేమీ కాదు. రికార్డుల గదిలో, బీరువా పక్కన, లైనక్స్ వేసిన ఒక పాత కంప్యూటర్. నెట్‌లో ఏది వచ్చినా ఏది పోయినా చిన్న చిన్న మూటలుగానే ప్రయాణం చేస్తుంది. ప్రతి మూట మీదా ఎక్కడి నుంచి ఎక్కడికి, ఏ పని మీద అని రాసి ఉంటుంది. ఈ పెట్టె ఆ రాత చూసి, తన దగ్గరున్న నియమాల ప్రకారం కొన్నిటిని పంపిస్తుంది, కొన్నిటిని ఆపేస్తుంది. ఆ నియమాలు రాసింది లూయిస్. ఆ బడిలో కంప్యూటర్ మాస్టారు. లెక్కల టీచరు తెరేసాకు భర్త. ఆయన పోయి పదకొండు నెలలైంది.

ఈ పదకొండు నెలల్లో ఆ నియమాల జోలికి ఎవరూ వెళ్లలేదు. వెళ్లాల్సిన అవసరమూ రాలేదు.

నాటకం పదకొండు గంటలకి. పదింపావుకి తెరేసా మేడ మీది ల్యాబ్‌లో కూర్చుని, అక్కడి కంప్యూటర్ నుంచి కింద గదిలోని పెట్టెలోకి వెళ్లింది. పక్కన లూయిస్ నోట్‌బుక్ తెరిచి పెట్టుకుంది. నియమాలు మార్చాల్సి వస్తే ఏం చేయాలో అందులో ఐదు మాటల్లో ఉంది. ఒకటి, ఉన్నదాన్ని దాచు. రెండు, పది నిమిషాల గడియారం పెట్టు. మూడు, ఆ తర్వాతే చెయ్యి పెట్టు. నాలుగు, బాగుందో లేదో అన్ని వైపుల నుంచీ చూడు. ఐదు, బాగుంటే గడియారం తీసెయ్యి.

గడియారం అంటే, పది నిమిషాలు గడిచాక పెట్టె తనంతట తానే కొత్త నియమాలు తీసేసి, దాచిన పాతవి తిరిగి పెట్టుకోవడం. తాళం మార్చేవాడు తలుపు బయట నిలబడి ఉన్నప్పుడు ఆ మాత్రం జాగ్రత్త ఉండాలి అనేవాడు లూయిస్.

నియమాల ఫైలు తెరిచింది. ఒక్కో నియమం మీద అది ఎవరి కోసమో చిన్న ముక్క రాసి ఉంది. 'ఇది హెడ్మాస్టరు గారి క్రికెట్ స్కోరుకి. అడగొద్దు.' 'ఇది ఆఫీసు పోర్టల్‌కి. అది నిద్రపోతే మన తప్పు కాదు.' ఇంకా కిందికి వస్తే, 'ఇది తెరేసా పాత పాటలకి.'

ఆ పాటలు అందరికీ వస్తాయనే ఇన్నాళ్లూ అనుకుంది ఆమె. బడి మొత్తంలో ఆ దారి ఆమె కంప్యూటర్ ఒక్కదానికే ఉంది. ఆ లైను దగ్గర అవసరమైన దానికన్నా కొంచెం ఎక్కువసేపు ఆగి, కిందికి జరిగింది.

హాల్లోని కంప్యూటర్ నుంచి వీడియో కాల్ వెళ్లేందుకు ఒక కొత్త నియమం రాసింది. అంతటితో ఆగి ఉంటే కథే లేదు. కానీ తెరేసా పందొమ్మిదేళ్లుగా టీచరు. ఫైలు చివర 'మిగతావన్నీ ఆపు' అన్న నియమం ఆమె కంటికి నచ్చలేదు. బడిలో ఏ నోటీసు రాసినా పెద్ద నిషేధం పైన ఉంటుంది, మినహాయింపులు కింద ఉంటాయి. అసలు మాట అడుగున పడి ఉండటమేమిటి? దాన్ని తీసి అన్నిటికన్నా పైన పెట్టింది. ఫెయిర్ కాపీలా ముచ్చటగా కనిపించింది. నోట్‌బుక్ చూసుకుని, పాతది దాచి, గడియారం పెట్టి, కొత్త నియమాలు ఎక్కించింది.

తెర బిగుసుకుపోయింది. ఎంటర్ నొక్కింది. కదల్లేదు. మళ్లీ మళ్లీ నొక్కింది. ఊహూఁ.

కింద నుంచి మెట్ల మీద బూట్ల చప్పుడు. హెడ్మాస్టర్ రామకృష్ణ గారు.

"టీచర్, నెట్ పోయినట్టుంది. ఆఫీసు పని మొత్తం ఆగిపోయింది."

"ఎన్ని వికెట్లు పడ్డాయండీ?"

"నాలుగు..." అనేసి, ఆయన గొంతు సవరించుకున్నారు. "అది కాదమ్మా. సంగతేంటి?"

"అన్నిటినీ ఆపమన్నట్టున్నాను. నన్ను కూడా ఆపేసింది. పది నిమిషాల్లో దానంతట అదే తెరుచుకోవాలండీ. లూయిస్ రాసిన ప్రకారం."

"తెరుచుకోకపోతే?"

"రికార్డుల గదిలోకి వెళ్లి పెట్టె ముందే కూర్చుని సరిచేయాలి."

"ఆ తాళం గుమాస్తా వెంకటరమణ దగ్గరుంది. వాళ్ల బావగారొచ్చారట, పులస కోసం రేవు దగ్గర మార్కెట్‌కి వెళ్లాడు. గోదారి ఎర్రబడి పులసలు రావడం మొదలైన దగ్గర్నుంచీ ఆయన మనసు బడిలో లేదు." ఆయన ఫోను చూసుకున్నారు. "వాడూ పది నిమిషాలే అన్నాడమ్మా. గంటన్నరైంది. ఫోనెత్తట్లేదు."

ఎవరినైనా ఆటోలో పంపుదామని తెరేసా గేటుకేసి నడిచింది. హాలు పక్క నుంచి వెళ్తుంటే పీతలూ కొంగలూ చుట్టుముట్టాయి. "టీచర్, పులస వచ్చిందా?" వస్తుందని చెప్పింది. చెప్పి నడక వేగం పెంచింది. కాకినాడలో పొలుసులు తొడుక్కుని, తెర వంక చూస్తూ ఒక పిల్ల పడుకుని ఉంది.

గేటు దగ్గర పెద్ద గొడవగా ఉంది. బయట పదిమంది తల్లిదండ్రులు. అందరికన్నా ముందు శివకుమార్. లోపల, చేతిలో కాగితంతో వాచ్‌మన్ జేవియర్. ఆ కాగితం పొద్దున తెరేసా తన చేత్తో రాసిచ్చిందే.

"చూశారాండీ టీచరమ్మా! ఇరవై నిమిషాల్నుంచి నిలబెట్టేశాడండి బాబూ. రోజూ నా ఆటోలోనే ఇంటికెల్తాడండి ఈయన!"

"ఆటోలో జేవియర్‌ని. గేటు కాడ గేటుని," అన్నాడు జేవియర్. "టీచరమ్మ రాసిందే చేత్తన్నాను."

"ఏం రాశాను జేవియర్? తల్లిదండ్రుల్ని రానివ్వమనేగా?"

"అది రెండో లైనండి. ఒకటో లైను ఇనండి. 'బయటివారిని లోపలికి రానివ్వరాదు.' ఈయన బయటోడేనాండి, కాదాండి?"

"బయటివాడే. కానీ రెండోది కూడా చదవాలిగా?"

"ఒకటో దానికే ఈయన పనైపోయింది కదండి. ఇంక రెండో దానికి ఎవరు మిగిలారని సదవమంటారు?"

తెరేసా కాగితం వంక చూసింది. జేవియర్ వంక చూసింది. మళ్లీ కాగితం వంక చూసింది. పెట్టె కూడా ఇంతే. పై నుంచి మొదలుపెడుతుంది. మూటకి ఏ లైను సరిపోతే అక్కడే దాని సంగతి తేల్చేస్తుంది, కిందికి చూడదు. 'మిగతావన్నీ' అన్న మాట అడుగున ఉంటేనే మిగతావి అవుతాయి. పైన పెడితే అన్నీ అవుతాయి. లూయిస్ దాన్ని అడుగున పడేయలేదు. అడుగున నిలబెట్టాడు.

ఆమెకు నవ్వొచ్చింది. ఆపుకుందామనుకుంది గానీ ఆగలేదు. గేటు ఊచ పట్టుకుని నవ్వింది. జేవియర్ కంగారుపడ్డాడు. టీచరమ్మ నవ్వు విని చాలా నెలలైంది.

"తప్పు సదివానాండీ?"

"లేదయ్యా. నువ్వే సరిగ్గా చదివావు. నేనే తప్పు రాశాను."

పెన్ను తీసి, ఒకటో లైను కొట్టేసి, తల్లిదండ్రుల లైనూ దాని కింది సిబ్బంది లైనూ అలాగే ఉంచి, కాగితం చివర రాసింది: 'మిగతా ఏదీ, ఎవరూ రాకూడదు.' జేవియర్ పై నుంచి మళ్లీ చదువుకున్నాడు. "పిల్లల తల్లిదండ్రులు రావచ్చు. ఆయ్! రండి, రండి." గేటు బార్లా తెరిచాడు.

అందరూ లోపలికి పోతుంటే శివకుమార్‌ని మాత్రం తెరేసా ఆపి, తాళం సంగతి చెప్పింది. అతను హాలు వైపు ఒకసారి చూశాడు.

"నా కూతురి కోసమే కదండీ. ఎల్లి గుమాస్తా గారిని చేపతో సహా ఎత్తుకొచ్చేత్తాను. ఆట మొదలయ్యేలోపు రాకపోతే అడగండి." ఆటో అప్పటికే కదిలింది.

తెరేసా రెండేసి మెట్లెక్కింది. తెర ఇంకా బిగిసే ఉంది. గోడ గడియారం పదీ నలభై దాటింది. పది నిమిషాలు అయిపోవాలి. లేదా ఆ లెక్క ఏదో తను తప్పు కొట్టి ఉండాలి. కుర్చీలో కూర్చోకుండా నిలబడే చూసింది.

ఉన్నట్టుండి తెర కదిలింది. ఇందాక కంగారులో ఆమె కొట్టిన ఎంటర్లన్నీ ఒక్కసారిగా వచ్చి పడ్డాయి, బడి గంట కొట్టగానే వాకిట్లోకి దూకిన పిల్లల్లా. కింద నుంచి రామకృష్ణ గారి కేక వినిపించింది. "వచ్చింది టీచర్! నెట్టొచ్చింది! అయ్యో, ఐదోది కూడా పడిందే!"

లూయిస్ తప్ప ఇంకెవరూ తన చేతిని అలా పట్టుకుని వెనక్కి లాగలేరని తెరేసాకు తెలుసు. కానీ దాని గురించి ఆలోచించే తీరిక లేదప్పుడు. 'మిగతావన్నీ ఆపు' అన్న లైనుని తీసి యథాస్థానంలో, అన్నిటికన్నా కింద పెట్టింది. హాలు కంప్యూటర్ కోసం రాసిన కొత్త నియమాన్ని దానికి పైన పెట్టింది. లూయిస్ అలవాటు ప్రకారం దాని మీద ఒక ముక్క రాసింది. 'ఇది పులసకి.' మళ్లీ గడియారం పెట్టి, నియమాలు ఎక్కించింది. పదీ యాభై ఐదు.

ఈసారి ఏదీ బిగుసుకోలేదు. కింద హాల్లో గోల మొదలైంది. "పులస వచ్చేసింది! పులస వచ్చేసింది!"

నాలుగో మాట, అన్ని వైపుల నుంచీ చూడు. ల్యాబ్ నుంచి చూసింది, బాగుంది. పిల్లలు వెళ్లకూడని ఆటల సైటు ఒకటి తెరిచి చూసింది, తెరుచుకోలేదు, అదీ బాగుంది. పాత పాటల లైను కదపలేదు. మిగిలింది ఐదో మాట.

అక్కడ ఆమె చెయ్యి ఆగింది. గడియారం ఉన్నంతసేపూ తప్పు చేసినా వెనక నుంచి పట్టుకునే మనిషి ఉన్నట్టే. తీసేస్తే లేనట్టే. కానీ తీయకపోతే పదకొండూ ఐదుకి పాత నియమాలు వచ్చి కూర్చుంటాయి. వాటిలో పులసకి దారి లేదు. నాటకం మధ్యలో హేమశ్రీ మాయమైపోతుంది.

రాసిన నియమాలు పై నుంచి కింది దాకా మరొక్కసారి చదివింది. పరీక్ష పేపరు దిద్దినట్టు చదివింది. తప్పు లేదు. క్యూలో ఉన్న పనులేమిటని పెట్టెనడిగితే, ఒకే ఒక్క గడియారం చూపించింది. ఆమె దాన్ని తీసేసింది. మళ్లీ అడిగింది. పెట్టె ఏమీ చెప్పలేదు. చెప్పడానికి ఇంకేమీ లేదు.

నోట్‌బుక్ మూసి కిందికి వెళ్లింది.

హాల్లో గోడంత పులస. వెండి పొలుసులు మెరుస్తుంటే రెండు చేతులూ రెక్కల్లా ఆడిస్తోంది హేమశ్రీ. కాళ్ల వైపు వాళ్లమ్మ దుప్పటి కొస పట్టుకుని తోకలా ఊపుతోంది. వెనక నర్సులిద్దరు నోటికి చెయ్యి అడ్డం పెట్టుకున్నారు. వల వేషం కట్టిన పిల్లాడు చేతులు చాపాడు.

"నాతో వచ్చెయ్ పులసా, నిన్ను గుండెల్లో పెట్టుకుంటాను!"

"గుండెల్లోనా, కుండలోనా?" అంది గోడ మీది పులస.

రేకులు ఎగిరిపోయేంతగా నవ్వారు జనం. అప్పుడే తలుపు దగ్గర రొప్పుతూ నిలబడ్డాడు శివకుమార్. మొదలయ్యేలోపు రాలేకపోయాడు గానీ ఈ మాట మాత్రం విన్నాడు. అతన్ని చూసి పులస మాట మరిచిపోయింది. "నాన్నా!" అని చెయ్యూపింది. కొంగ ఆమెకు మాట అందించింది. హాల్లోని గడియారంలో పదకొండూ ఐదైంది. తెరేసా ముల్లు వంక చూసింది, గోడ వంక చూసింది. పదకొండూ ఆరు. పులస అక్కడే ఉంది.

పీతనీ కొంగనీ పడవనీ వలనీ కాదని, పులస చివరికి "నేనెవర్నీ చేసుకోను. నేను గోదారిని చేసుకుంటాను" అంది. ఆరుగురు పిల్లలు ఎర్రనీళ్ల రంగు చీరలు గాల్లో ఎగరేశారు. చప్పట్లు కాకినాడ దాకా వినబడి ఉంటాయి. నిజంగానే వినబడ్డాయి.

ఆ చప్పట్లు సద్దుమణిగాక గానీ గేటు దగ్గరి కేకలు వినబడలేదు.

వెళ్లి చూస్తే గుమాస్తా వెంకటరమణ గారు, రెండు కాళ్లూ గేటు లోపల, చేతిలో సంచీ మాత్రం గేటు బయట. సంచీ రెండో కొస జేవియర్ పట్టుకుని ఉన్నాడు. సంచీలోంచి పులస తోక కనిపిస్తోంది.

"చూడండి టీచర్! నన్ను రానిచ్చి నా చేపని ఆపేశాడు! తాళం కోసమని శివకుమార్ పరుగు పరుగున తీసుకొచ్చాడు కదా అని వస్తే!"

"తాళం పనైపోయిందండీ," అంది తెరేసా.

"తమరు సిబ్బంది కదండి, రెండో లైను, రావచ్చు," అన్నాడు జేవియర్ నింపాదిగా. "చేప తల్లీ కాదు, తండ్రీ కాదు, సిబ్బందీ కాదు. సదూకుంటా పోతే ఆఖరి లైనుకొచ్చింది. నేనేం చేసేదండి?"

హాల్లోంచి పరిగెత్తుకొచ్చిన పీతలూ కొంగలూ చేపని చూసి గొల్లుమన్నాయి. "టీచర్, పులస! పులసని రానివ్వండి టీచర్!"

"అసలు ఈ లిస్టు రాసిందెవరు?" అన్నారు వెంకటరమణ గారు.

"నేనేనండీ," అంటూ తెరేసా పెన్ను మూత తీసి, కాగితంతో సహా జేవియర్ చేతికిచ్చింది. "పులసకి కూడా ఒక లైను రాయి జేవియర్."

జేవియర్ సంచీ వదలకుండానే కాగితాన్ని మోకాలి మీద పరుచుకున్నాడు. పై నుంచి కిందికి ఒకసారి చదివి, తలెత్తాడు.

"ఎక్కడ రాయమంటారు టీచరమ్మా?"

"ఆఖరి లైనుకి పైన," అంది తెరేసా.