మొదటి సెంటీమీటరు

నేను ఒక స్టీలు స్కేలును. పొడవు పదిహేను సెంటీమీటర్లు. ఏ పిల్ల జామెట్రీ పెట్టెలోకో వెళ్ళవలసినదాన్ని, ఒక పెద్దాసుపత్రి ల్యాబులో, ఫార్మలిన్ వాసన మధ్య తేలాను. మనుషుల ఒంట్లోంచి కోసి తీసినవన్నీ నా పక్కన పడుకోబెట్టి కొలిచేవారు.

టెక్నీషియన్ సన్యాసిరావు సీసా మూతలు నా కొనతోనే లేపేవాడు. అలా ఏళ్ళ తరబడి లేపి లేపి నా మొదటి సెంటీమీటరు గీతలు అరిగిపోయాయి. కొత్త స్కేలు ఎవరూ అడగలేదు. ఒకటి దగ్గర మొదలుపెట్టి కొలవడం, వచ్చిన అంకెలోంచి ఒకటి తీసి రాయడం నేర్చుకున్నారు. లోపానికి అలవాటుపడటాన్ని మనుషులు అనుభవం అంటారు.

డాక్టర్ హైమవతి చేరిన రోజు మొదట వచ్చింది పైడమ్మ అనే ఆమె పిత్తాశయం. రాళ్ళున్నాయని తీసేసిన సంచి. తెరిస్తే లోపలి గోడకు పుట్టగొడుగులా ఒక గడ్డ. అలాంటివి ఇంకా క్యాన్సర్ కావు, ఆ దారి పట్టి ఉండొచ్చు. సెంటీమీటరు దాటితే గడ్డ పేరే మారుతుంది. మొత్తాన్నీ ముక్కలు చేసి, ఏ మూలనైనా కణాలు గోడలోకి దిగాయేమో వెతకాలి. చిన్నదైతే మా ల్యాబులో ఒక్క ముక్కతో సరిపెట్టేవారు.

నన్ను ఆనించి హైమవతి "ఒకటి పాయింట్ రెండు" అంది. సన్యాసిరావు రాసుకున్నాడు.

తర్వాత వచ్చింది ఎవరిదో పుట్టుమచ్చ. "సున్నా పాయింట్ ఐదు" అంది. అతని కలం ఆగింది.

"ఇందులో ఒకటి తీసేస్తే ఏటి మిగుల్తాది మేడం?"

"నేను తీసేసే చెప్పాను కదండీ."

"నానూ తీసేత్తన్నాను."

ఇద్దరూ నవ్వుకున్నారు. ఇకమీదట తీయడం ఆమె పని అని అనుకున్నారు. నవ్వితే ఏదో సర్దుకున్నట్టే ఉంటుంది. రిజిస్టరు పై వరుసలో పైడమ్మ గడ్డకు అతను ఒకటి తీసేసి రాసిన సున్నా పాయింట్ రెండు అలాగే ఉండిపోయింది. ఆ అంకెను చూసి ఒక్క ముక్కే తీశారు. వారం తర్వాత మైక్రోస్కోపు కింద అందులో భయపడవలసింది ఏమీ కనబడలేదు. అప్పటికి హైమవతికి గడ్డ గుర్తులేదు, కాగితం మీది అంకే ఉంది. మిగతా గడ్డను నెల దాటాక పారేశారు.

పద్నాలుగు నెలలకు పైడమ్మ భర్త అప్పలస్వామి ఆ కాగితం పట్టుకొచ్చాడు. ఆమెకు కళ్ళు పచ్చబడ్డాయట. క్యాన్సర్ కాలేయంలోకి పాకిందని వేరే ఆసుపత్రిలో చెప్పి, పాత గడ్డ సంగతి కనుక్కురమ్మన్నారట. హైమవతి రిజిస్టరు తిప్పింది. పైడమ్మ వరుస మీద ఒక వేలు, పుట్టుమచ్చ వరుస మీద ఇంకో వేలు పెట్టింది. ఆనాటి నవ్వు వినబడి ఉంటుంది.

పాత కాగితమే మళ్ళీ అచ్చుతీసి ఇచ్చి పంపేయవచ్చు. పంపలేదు.

"కొలత తప్పు రాశామండీ. ఆ రోజే గడ్డంతా చూడవలసింది. తప్పు నాది."

"ఎంత తప్పు డాట్రమ్మా?"

"ఒక్క సెంటీమీటరు."

అదెంతో చూపించమన్నాడు. నన్నే అతని చేతికిచ్చింది. అతను నా కొన దగ్గర వెతికాడు. అక్కడ ఏమీ లేదు. ఆమె ఒకటికీ రెండుకీ మధ్య చూపించింది. అతను తన చిటికెనవేలి గోరు అక్కడ ఆనించాడు. సరిపోయింది.

"ఇంతేనా అమ్మా" అన్నాడు, ఆమెను ఓదార్చడానికన్నట్టు.

ల్యాబుకు కొత్త స్కేలు వచ్చింది. నేను హైమవతి సొరుగులో ఉన్నాను. అప్పుడప్పుడు ఏదో వెతుకుతున్నట్టు సొరుగు తెరిచి, నా అరిగిన కొన మీద వేలు పెడుతుంది. ఆ వేలి కింద ఉన్నదాన్ని కొలవడానికి నా దగ్గర గీతలు లేవు.