ఇనప కడియం వైపు

సెయింట్ మార్టిన్ పండుగ రాత్రి ఊరంతా కూడలిలో మంటలేసుకుని చెస్ట్‌నట్‌లు కాల్చుకు తిన్నది. తెల్లవారాక ఆ పొట్టూ బూడిదా ఊడ్చే పని మాత్రం బెల్మీరుదే. పూర్వం తప్పు చేసినవాళ్లను కట్టేసి ఊరందరి ముందూ నిలబెట్టిన శిక్షాస్తంభం మెట్ల మీద అతనికి చిన్నపిల్లల ఉన్ని చేతితొడుగు ఒకటి దొరికింది. చీపురు కర్రతో ఎత్తి, స్తంభం పైనున్న ఇనప కొక్కేనికి తగిలించాడు. కూడలిలో దొరికింది ఏదైనా అక్కడ తగిలించడం మా రివాజు. సొంతదారు వచ్చేదాకా ఎవరూ ముట్టుకోరు.

స్తంభానికి వీపు ఆనించడం మాత్రం ఎవరూ చేయరు. ఆనించినవాడికి ఏడాదిలోగా తలవంపులు తప్పవని నమ్మకం. బెల్మీరు ఇంటికి ఆ తలవంపులు ఎప్పుడో వచ్చాయి. వాళ్ల పూర్వీకుడైన ఒక రొట్టెలాయనను, తూకం తగ్గించాడని, ఈ స్తంభానికున్న ఇనప కడియానికే కట్టేశారు. రొట్టెల పొయ్యి పోయింది గాని ఆ ఇల్లూ, ‘దొంగతూకం వాళ్లు’ అన్న పేరూ పోలేదు. ఊరందరి నోళ్లూ మూయించడం ఎవరి తరం?

ఎదురుగా కాఫీ కొట్టు లుదొవీనాది. అతనితో కలిసి బడికెళ్లిన మనిషి.

"నిండుగా పోశాను. తూకం వేసుకుంటావా?" అంది కప్పు అందిస్తూ, రోజూలాగే.

"నీళ్లకి తూకం దేనికే?" అన్నాడు, అతనూ రోజూలాగే.

కాఫీ తాగుతూ స్తంభం వైపే చూశాడు. కట్టేసి ఉన్న ఆ మనిషికి ఏం కనిపించి ఉంటుంది? నవ్వే మొహాలా? రాళ్లు పట్టుకున్న పిల్లలా? చిన్నప్పటినుంచీ అతన్ని తొలిచిన ప్రశ్న అదొక్కటే. ఒకసారి ఆనుకోబోతే తల్లి చెంప వాయించింది.

ఆ ఉదయం ఆయాసం ఎక్కువగా ఉంది, ఎడమ చెయ్యి లాగుతోంది. ఇవాళ చూడకపోతే ఇక చూడనేమో అనిపించింది. పెళ్లాం లేదు, పిల్లలు లేరు, ఇక పోయేది ఎవరి పరువు? కడియం ఉన్న వైపుకి వెళ్లి, రాయికి వీపు ఆనించి నిలబడ్డాడు.

తిడదామని పరుగున వచ్చిన లుదొవీనా అతని మొహం చూసి ఆగిపోయింది.

"ఆ రొట్టెలాయన ఊరిని చూడలేదే," అన్నాడు బెల్మీరు. "ఇక్కణ్ణుంచి మా ఇంటి తలుపు కనిపిస్తోంది. సూటిగా, చర్చి గోడ పక్క సందులోంచి. అడుగు జరిగితే గోడ అడ్డం."

లుదొవీనా కూడా అటు చూసింది. "ఆ రోజు తలుపు తీసుందా, వేసుందా?"

"అదే ఆలోచిస్తున్నా."

అలాగే జారి మెట్టు మీద కూర్చున్నాడు. ఆవిడ మంచినీళ్లు తేవడానికి వెళ్లింది. తిరిగి వచ్చేసరికి అతని టోపీ మెట్ల కింద పడి ఉంది. బెల్మీరు కళ్లు సందు వైపే ఉన్నాయి, కాని ప్రాణం లేదు. ఆవిడ అక్కడే కూలబడి చాలాసేపు ఏడ్చింది.

ఖననం అయిన మర్నాడు లుదొవీనా వెళ్లి అతని ఇంటి తలుపు బార్లా తీసి, గాలికి మూసుకోకుండా రాయి అడ్డం పెట్టింది. తర్వాత కూడలికి వచ్చి, అతని చీపురు కర్రతోనే టోపీని ఎత్తి తగిలించింది.

చేతితొడుగు ఆ వారమే ఎవరో తీసుకెళ్లారు. చెమటకి అంచు నల్లబడిన ఆ బూడిదరంగు టోపీ మాత్రం ఇంకా కొక్కేనికే ఉంది.