ఆముదం తాగిన పటం

నేను ఒక కొండదారుల పటాన్ని. ఒళ్లంతా అక్షరాలే గానీ నాకు చదువు రాదు. నవ్వకండి. పుస్తకాల బీరువాకు మాత్రం వచ్చా?

నన్ను అచ్చువేసినవాడు కాగితం దగ్గర మహా పొదుపరి. ముందువైపు మా మండలం, వెనకవైపు పక్క మండలం వేసేసి చేతులు దులుపుకున్నాడు. మీ వీపు మీరు చూసుకోలేనట్టే నా వీపు నేనూ చూసుకోలేను. అక్కడ కూడా కొండలున్నాయని నాకెవరూ చెప్పలేదు.

నేను చేరింది మన్యంలో ఒక ఆరోగ్య కేంద్రానికి. అక్కడ వాన కురవదు, మీద పడి కొడుతుంది. ఒక ఏడాది వానకు వాగులో చేపలు దారి తప్పి మబ్బుల్లోకి ఎదురీదాయి. గోడమీంచి నేను చూశాను. నమ్మకపోతే మీ ఇష్టం. కాగితానికి అలాంటి చోట బతుకేమిటి చెప్పండి? చినుకు చప్పుడు వింటేనే మడతలు మడతలుగా వణికేదాన్ని.

అలాంటి రోజుల్లో కోనసీమ నుంచి కొత్త నర్సు సత్యవేణి వచ్చింది. పొగడపాడు అనే కొండగూడెంలో పిల్లలకు తట్టు పోసిందని కబురు. మిగతా పిల్లలకు అది అంటకముందే టీకాలు వేయాలి. దారి తెలిసిన ఆశా కార్యకర్త చిన్నాలు సరిగ్గా ఆ వారమే కాన్పుకు పుట్టింటికెళ్లింది. ఇక మిగిలిన పెద్దదిక్కును నేను. చదువు రానిదాన్ని.

"ఇది తడిసి ముద్దయిందంటే అడివిలో మనిద్దరం పులికి పలహారమే బాబాయ్" అంది సత్యవేణి.

ఆ బాబాయ్ అటెండరు అప్పలస్వామి. మీసాలకు రోజూ ఆముదం పట్టించే మనిషి. "తడవనిత్తానా ఏటి సిస్టరమ్మా! మా తాత పడవకి ఏం పూసీవోడో నాకు తెల్దా?" అన్నాడు.

మీసాల సీసా నా మీదకే వచ్చింది! ఆముదంలో కొవ్వొత్తులు కరగబెట్టి, వేడివేడిగా నాకు రెండు పక్కలా పూశాడు. పసిపిల్లకు కూడా ఎవరూ అంత ఆముదం పట్టరు. ఒళ్లు కాలి కేకపెట్టాను. కాగితం కేక ఎవరికి వినిపిస్తుంది? తర్వాత తీగ మీద ఆరేశాడు.

ఎండ నాలోంచి దూరింది. అప్పుడు చూశాను నా వీపును.

అమ్మ బాబోయ్! నూనె తాగిన కాగితం గాజులా అయిపోతుందని నాకేం తెలుసు? వెనకున్న కొండలన్నీ ముందుకొచ్చి నా కొండల మీద ఎక్కి కూర్చున్నాయి. వెనకటి వాగు నా వాగును అడ్డంగా నరికేసింది. ఇన్నేళ్లూ నన్ను నేను ఒక మండలం అనుకున్నాను. రెండు మండలాలనట! పైగా ఆ రెండోది కుడి ఎడమలు తారుమారై ఉంది.

"అద్దంలాగ మెరిసిపోతంది సూడండి!" అని అప్పలస్వామి మీసం తిప్పాడు. మనుషులు మెరుపు చూస్తారు గానీ గీత చూడరు.

మర్నాడు బయల్దేరాం. సత్యవేణి భుజాన టీకాల డబ్బా. లోపలి ఐసు కరిగితే మందంతా పాడైపోతుంది. అందుకే నాలుగడుగులకోసారి ఐసు పొట్లం చెవి దగ్గర పెట్టుకుని ఊపేది. నీళ్ల చప్పుడు పెరుగుతోందా అని.

వాన మొదలైంది. నా మీద పడ్డ చినుకు పడ్డట్టే ఆవగింజలా దొర్లిపోయింది. పుట్టాక మొదటిసారి వానను చూసి నవ్వాను. ఆ నవ్వు వాగుదాకానే.

అసలు దారి వాగువెంట కుడికి పోవాలి. కానీ నా వీపు మీది ఎర్రగీత ఒకటి నాలోంచి తొంగిచూస్తూ ఎడమకు, కొండ మీదకు పోతోంది. సత్యవేణి వేలు సరిగ్గా దాని మీదే పడింది.

"ఇటే బాబాయ్. అదిగో, బాట కూడా ఉంది."

"బాటుంటే ఇంకేటి, పదండి!"

అది పశువుల బాట. 'అది నా వీపు తల్లీ!' అని నేను అరుస్తూనే ఉన్నాను. వాళ్లు ఎక్కుతూనే ఉన్నారు. కొండ అంతకంతకూ పైకి పెరిగిపోతోంది. నిజం, మా కళ్లముందే పెరిగింది.

నడికొండ మీద ఒక ఆకుచాటున నిలబడి సత్యవేణి నన్ను దగ్గరగా చూసింది. "బాబాయ్, ఈ ఊరి పేరు ఎడంపక్క నుంచి చదివినా కుడిపక్క నుంచి చదివినా రావట్లేదేంటి?"

అప్పలస్వామి నన్ను తిప్పాడు. మళ్లీ తిప్పాడు. మీసం కిందకు వాలిపోయింది. "అంటే... ఇంతసేపూ మనం దీని ఈపు మీద నడిత్తన్నామా?"

ఆమె డబ్బా మీద చెయ్యేసి కూలబడింది. పొట్లంలో నీళ్లు గలగలమంటున్నాయి. వెనక్కి దిగి మళ్లీ పొగడపాడు ఎక్కేసరికి ఐసు మిగలదు. ఆమె కళ్లలోంచి పడ్డ చుక్క కూడా నా మీంచి జారిపోయింది. వాన తగలనందుకు ఎంత గర్వపడ్డానో, అది ఇంకనందుకు అంత సిగ్గుపడ్డాను.

అంతలో కుక్క మొరిగింది. చెట్లచాటునుంచి పొగ. పది గుడిసెలు. ముందు నిలబడ్డ ముసలవ్వ పేరు కోసమ్మ అని తర్వాత తెలిసింది.

"ఎవులమ్మా మీరు? మబ్బులోంచి జారిపడ్డారా? ఇది ఈతలొద్ది. ఇక్కడికి ఎవులూ రారే!"

సత్యవేణి గబగబా ఆ పేరు కోసం నా మీద వెతికింది. ముందు లేదు. వెనకా లేదు. రెండు మండలాలున్నదాన్నని విర్రవీగాను, నా మీద లేని ఊళ్లో నిలబడ్డాను! అవ్వ వెనక పిల్లలు బిలబిలమంటున్నారు. ఒక్కరికీ టీకా పడలేదట.

"పొగడపాడు ఇక్కడికెంత దూరం అవ్వా?" అంది సత్యవేణి.

"ఈ గట్టుకవతలే. మా కోడి కూత్తే ఆళ్లు లేత్తారు."

సత్యవేణి లేచి నిలబడింది. "అయితే ఇక్కడికే పిలవండి. తట్టు పోసిన పిల్లల్ని కదపొద్దని, మిగతా పిల్లలందర్నీ తెమ్మని చెప్పాలి. ఎలా చెబుతారు?"

"డోలుంది గదమ్మా. ముందు పిలుత్తాది. గట్టెక్కినోళ్లకి మిగతాది మావోడు అరిసి సెప్తాడు."

డోలు మోగింది. ఆ దెబ్బకు వాన ఆకాశంలోనే కాసేపు ఆగింది. గట్టెక్కినవాళ్లు కేక విని వెనక్కి పరిగెత్తారు. కాసేపటికి గట్టు మీద ఆకుగొడుగులు ఒక్కొక్కటే లేచాయి. వాటికింద తల్లులు, వాళ్ల చంకల్లో పిల్లలు. నా ఎర్రగీతలు చేయలేని పని ఒక తోలుముక్క చేసింది. ఐసు పూర్తిగా కరగకముందే రెండు గూడేల పిల్లల ఏడుపులూ కలిసి కొండలు దద్దరిల్లాయి. ఇంత సంతోషపెట్టే ఏడుపు నేనెక్కడా వినలేదు.

తిరిగి వచ్చేముందు సత్యవేణి పెన్ను తీసి నా మీద ఈతలొద్దిని గుర్తు పెట్టబోయింది. పెన్ను జారింది. మళ్లీ గీసింది, మళ్లీ జారింది.

"నీ ఆముదం మీద సిరా కూడా నిలవట్లేదు బాబాయ్!"

"నీళ్లు దిగవన్నాను గానీ సిరా దిగుద్దన్నానా ఏటి?"

ఆమె జాకెట్టుకున్న పిన్నీసు తీసింది. నేను బిగుసుకుపోయాను. ఈతలొద్ది ఉండాల్సిన చోట కసుక్కున గుచ్చింది. ఆ రోజు ఆఖరి సూది నాకే పడింది.

ఇప్పుడు నేను గోడ మీద లేను. కిటికీకి కట్టారు, రెండు వీపులూ కనబడేలా. పొద్దున్నే ఎండ ఆ కంతలోంచి దూరి నేల మీద ఒక చుక్కగా పడుతుంది. కొత్తగా ఎవరొచ్చినా సత్యవేణి నన్ను చూపించదు. ఆ చుక్కను చూపించి, "తొక్కకండి, అది ఈతలొద్ది" అంటుంది.