మనవాళ్ల జాబితా

సాయంత్రంలోగా సంజాయిషీ రాసివ్వాలి. తప్పు నాదంటే నా ఉద్యోగం పోతుంది, మా అక్కదంటే అక్క ఉద్యోగం పోతుంది.

ఈ ఆస్పత్రి నెట్‌వర్కుకి కాపలా నేను. ఎవరైనా ఒక కంప్యూటర్లో కూర్చుని మిగతా కంప్యూటర్ల తలుపులు వరసగా తట్టి చూస్తే నా గదిలో గంట మోగుతుంది. దాన్ని స్కాన్ అంటారు. దొంగ ముందుగా చేసే పని అదే.

కానీ తట్టేవాళ్లలో మనవాళ్లూ ఉంటారు. తలుపులు సరిగా వేసున్నాయో లేదో రోజూ పదింటికి చూసే మిషను మాకే ఒకటుంది. అదీ గంట మోగించేది. అందుకని ఎవరు తడితే గంట మోగకూడదో ఒక జాబితా రాసి, బుద్ధి గడ్డితిని దానికి 'మనవాళ్లు' అని పేరు పెట్టాను. ఆ మిషనుకి కూడా పది నుంచి పదిన్నర దాకానే మినహాయింపు.

ఆ పేరు బయటికి పొక్కింది. ఎక్స్‌రే వాళ్లు, మందుల స్టోరు వాళ్లు, "మేం మనవాళ్లం కామా?" అంటూ పెళ్లికి పిలవనట్టు మొహాలు పెట్టుకుని వచ్చారు. ఒక్కొక్కరికీ చిలక్కి చెప్పినట్టు చెప్పి పంపేసరికి తల ప్రాణం తోకకొచ్చింది.

అక్క దగ్గర మాత్రం నా ఆటలు సాగలేదు. ఆవిడ ఇక్కడే రోగుల రికార్డుల గదిలో పనిచేస్తుంది. ఆవిడ కంప్యూటర్ ఖాళీ ప్రింటర్ కోసం ఆస్పత్రంతా వెతుకుతుంది, గంట మోగుతుంది, నేను ఫోన్ చేయాలి.

"అక్కా, నువ్వేనా?"

"నేను కాక ఇంకెవరే? రోజుకి ఆరుసార్లు అడుగుతావు. నేనేమన్నా దొంగనా?"

నాలుగు రోజులు నాతో మాట్లాడలేదు. ఐదో రోజు వేళలు పెట్టకుండా, ప్రింటర్ల వరకే అని కూడా రాయకుండా, ఆవిడ కంప్యూటర్ని జాబితాలోకి ఎక్కించేశాను. మొహమాటానికి పోతే ఏమవుతుందో చెప్పే సామెత ఒకటుంది. అది నలుగురిలో చెప్పేది కాదు.

నిన్న పైవాళ్లు మాకు చెప్పకుండా, మా కాపలాని పరీక్షించడానికి బయటి మనిషిని పంపారు. అక్క కంప్యూటర్ తెరిచి వదిలేసి భోజనానికి వెళ్లింది. అతను ఆ కుర్చీలో కూర్చుని నలభై నిమిషాలు ఆస్పత్రంతా తట్టాడు, రోగుల రికార్డుల దాకా వెళ్లాడు. నా గంట నోరు మెదపలేదు.

"తెరిచి వదిలేసింది ఆవిడ కాబట్టి ఆవిడే బాధ్యురాలు. అంతేగా?" అన్నారు మా ఆఫీసరు. అలా రాస్తే నేను బయటపడతానని ఆయన ఉద్దేశం.

నేను అలా రాయలేదు. 'గంట మోగివుంటే రెండు నిమిషాల్లో పట్టుకునేదాన్ని. మా అక్క మీద నమ్మకంతో ఆవిడ కంప్యూటర్ని నేనే మినహాయించాను' అని రాశాను. అక్కకి చూపించాను.

ఆవిడ రెండుసార్లు చదివింది.

"నీ ఫోన్లు ఆగిపోతే, ప్రింటర్ సంగతి బాగుచేశావనుకున్నాను. ఇదా నువ్వు చేసింది?"

"నిన్ను నమ్మే కదా చేశాను."

"నమ్మకం కాదే ఇది. నా నోటికి జడిసి చెవులు మూసుకున్నావు. ఆ మాట కొట్టెయ్యి."

ఒళ్లు మండింది. కానీ ఆవిడ అన్నది నిజం. 'మా అక్క మీద నమ్మకంతో' కొట్టేసి, పైన 'అక్క కోప్పడుతుందని' అని రాశాను. నా పన్నెండేళ్ల సర్వీసులో ఇలాంటి సంజాయిషీ ఎవరూ ఇవ్వడం చూడలేదు, చదివితే ఎవరికైనా నవ్వొస్తుంది.

ఆఫీసరు నవ్వలేదు.