మూడు నెలల గుట్టు

గాంధీపురం బస్టాండు వెనక వకీలు ఆఫీసు మెట్లెక్కేసరికి కమలానికి ఆయాసం వచ్చింది. చంకలో నాలుగు నెలల మనవడు ముకుంద్, వెనకే కోడలు. వాడి పై పెదవి ముక్కుదాకా చీలి ఉంది. గడప దాటితే చాలు, ఆమె వాడి ముఖం తువ్వాలుతో కప్పేస్తుంది.

గ్రహణం మొర్రి అంటారు కాబట్టి కమలం మొదట గ్రహణాన్నే పట్టుకుంది. కోడలు కార్తీక ఏ గ్రహణం పూటో కత్తిపీట ముందు కూర్చుని ఉంటుందని పది ఇళ్లలో చెప్పి వచ్చింది. తీరా క్యాలెండరు తిరగేస్తే ఆ నెలల్లో గ్రహణమే లేదు. అప్పటినుంచి ఎవరిమీద కోపం తెచ్చుకోవాలో ఆమెకు తోచలేదు. కోపం మాత్రం తగ్గలేదు.

మానేసేదాకా కార్తీకది పంపు మోటార్ల కంపెనీలో పని. రాగి తీగ చుట్టి, ఆ చుట్టలను థిన్నరు కలిపిన వార్నిష్ తొట్టిలో ముంచి తీయాలి. ఆ సంగతి విన్న డాక్టరు, దానివల్ల కావచ్చు, కాకపోనూవచ్చు, ఒక వకీలును అడగండి అన్నాడు. కమలానికి ఉన్న కాస్త స్పష్టతా ఆ మాటతో పోయింది.

వకీలు చారులత, ఈ తమిళ ఊళ్లో స్థిరపడ్డ తమ తెలుగువాళ్ల అమ్మాయే. అందుకని కార్తీకను ఇంటి భాషలోనే అడిగింది.

"తొట్టి కాడ ఎన్ని గంటలు ఉంటివి?"

"ఎనిమిది. దుమ్ము పడుతుందని కిటికీలు మూసే ఉంటాయి మేడం," అంది కార్తీక. "ముక్కుకు గుడ్డ కట్టుకుంటిమి, అంతే."

కార్మిక శాఖకు ఫిర్యాదు ఒక దారి, బిడ్డ పేరుమీద తల్లి నష్టపరిహారం కేసు వేయడం ఇంకొకటి అని చారులత చెప్పింది. వాడికి ఆపరేషన్లు, పళ్లు, మాట నేర్పడం, ఏళ్ల తరబడి వైద్యం ఉంటుంది. కానీ ఆ తొట్టే కారణమని చూపాలి. "కావచ్చు" అనే మాట పట్టుకుని కోర్టుకెలా పోతారో కమలానికి అర్థం కాలేదు.

"కడుపులో బిడ్డకు పెదవి కలిసేది రెండో మాసంలో. అప్పుడు కడుపుతో ఉన్నట్టు కంపెనీలో ఎవరికి చెప్తివి?" అంది చారులత.

కార్తీక అత్తవైపు చూడలేదు. "ఎవరికీ చెప్పలేదు మేడం. నేనే దాచిపెడితిని."

అది నిజం కాదని కమలానికి తెలుసు. ఆ వాసనకు కడుపులో తిప్పుతోంది, సూపర్‌వైజరుకు చెప్పి ప్యాకింగుకు మారతానని ఆనాడు కోడలు అడిగింది. మూడు నెలలు నిండేదాకా నోరు తెరవొద్దు, దిష్టి తగిలితే నిలవదు అన్నది తనే. ఆ ఇంట్లో కోడళ్లందరూ అలాగే ఉన్నారు, తనూ ఉంది. పది ఇళ్లలో ఎవరిని ఆడిపోసుకుందో ఆ పిల్లే ఇప్పుడు తనను వెనకేసుకొస్తోంది. కమలానికి సిగ్గుతో తల ఎత్తబుద్ధి కాలేదు.

"లేదమ్మా," అంది మెల్లగా. "అది చెప్తాననే అడిగె. నేనే వద్దంటిని."

చారులత కలం పక్కన పెట్టింది. "ఇది కోర్టులోనూ చెప్తారా? అవతలి వకీలు తప్పంతా మీ ఇంటిదే అంటాడు."

"మరి తప్పు నాదా, తొట్టిదా?"

"మీరు చెప్పినా చెప్పకున్నా, ఆ తొట్టిలోని వార్నిష్ నీళ్లు ఎట్లాంటివో ఆడవాళ్లకు ముందే చెప్పాల్సింది కంపెనీ. మన వాదన అది. గెలుస్తామని మాత్రం నేను మాటివ్వలేను."

కమలానికి సగమే బుర్రకెక్కింది. అయినా తన మాటలు రాసిన కాగితంమీద, చూపిన చోట తమిళంలో సంతకం చేసింది.

తిరుగు బస్సులో ఆమెను ఇంకో సంగతి తొలవడం మొదలుపెట్టింది. నిన్ననే పక్కింటి జోతిమణి, తన కోడలు లక్ష్మిప్రియకు రెండో నెలని చెవిలో చెప్పి, ఎక్కడా అనవద్దని ఒట్టు వేయించుకుంది. కార్తీక మానేశాక తొట్టి దగ్గర ఆమె స్టూలు మీద కూర్చుంటున్నది లక్ష్మిప్రియే.

వీధిలో జోతిమణి నలుగురు ఆడవాళ్లతో అరుగుమీద కూర్చుని పూలు కడుతోంది. కమలం వంగి చెవిలోనే చెప్పి చూసింది, కోడలిని ఆ పనికి పంపవద్దని.

"మూడు నిండనీ, అప్పుడు చెప్దాం," అంది జోతిమణి తల ఎత్తకుండానే.

అచ్చం తన మాటే. కమలం నిటారుగా నిలబడింది.

"జోతిమణీ, నీ కోడలికి రెండో మాసం. రేపు ఆ తొట్టి కాడికి పంపొద్దు," అంది, వీధంతా వినేలా.

పూలు కడుతున్న చేతులు ఆగిపోయాయి. జోతిమణి ముఖం నల్లబడింది. "ఒట్టు వేసి నా ఇంటికి దిష్టి పెడితివే. నీవు మనిషివేనా?"

"ఏది తగులుతుందో నాకు తెలియదు జోతిమణీ. దిష్టో, ఆ నీళ్లో. డాక్టరుకూ తెలియదు, వకీలుకూ తెలియదు."

కమలం మనవడి ముఖంమీది తువ్వాలు తీసేసి, వాణ్ని జోతిమణి ఒళ్లో పూలమధ్య పెట్టింది.